ముందు నడిచే రావుగారు

వారంలో ఆరు రోజులూ రామలింగేశ్వరరావు టైమాఫీసు కిటికీ వెనక కూర్చునే మనిషి. పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు పక్కన వెలిసిన ఆ పెద్ద ఫ్యాక్టరీలో, పొద్దున షిఫ్టుకి వచ్చేవాళ్లకి నంబరు చెక్కిన ఇత్తడి బిళ్లలు అందించడం, దిగిపోయేటప్పుడు తిరిగి పుచ్చుకోవడం, ఎవరికి ఏ రోజు డ్యూటీ, ఏ రోజు సెలవు అన్న చార్టు రాయడం ఆయన పని. కిటికీ మరీ చిన్నది. బిళ్ల అందుకునేవాడికి ఆయన చెయ్యి తప్ప మొహం కనపడదు. పదకొండు వందల మందికి ఆయన ఒక చెయ్యి, అంతే.

ఏడో రోజు మాత్రం, అదీ చలికాలంలో మాత్రం, ఆయన మారాజు.

కథ 1966 కార్తీకంలో మొదలైంది. కోనసీమ నుంచి వచ్చి అప్పటికి రెండేళ్లు. క్వార్టర్లలో ఆదివారం ఎంతకీ తెమలదు. పేకాటంటే ఆయనకి పడదు, పేకాటరాయుళ్లకి ఆయన పడడు. ఒకనాడు తెల్లారగట్ల మఫ్లరు చుట్టుకుని ఒక్కడే బయల్దేరి అమీన్‌పూర్ చెరువు దాకా నడిచి, మంచులో కొంగల్ని చూసి, ఎండెక్కాక ఇంటికొచ్చి నాలుగు దిబ్బరొట్టె ముక్కలు ఎక్కువ తిన్నాడు. పై వారం పక్కింటాయన తోడొచ్చాడు. ఆ పై వారం ఆరుగురు. నెల తిరిగేసరికి క్లబ్బు నోటీసు బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో కాయితం వెలిసింది. శీతాకాలపు నడక సంఘం. ఆదివారం ఉదయం ఆరు గంటలకు మెయిన్ గేటు. ఈల వేయగానే బయలుదేరవలెను. ఈల వేయగానే ఆగవలెను. రావుగారిని దాటి ఎవరూ నడవరాదన్న మూడో నియమం ఆయన రాయలేదు గానీ, ఒకసారి ఒక కుర్ర ఇంజనీరు దాటితే ఆయన చూసిన చూపుతో అందరికీ అర్థమైపోయింది.

వెనక వచ్చేవాళ్లు తక్కువవాళ్లు కాదు. డిజైను ఇంజనీర్లు, అకౌంట్స్ ఆఫీసర్లు, ఒక్కోసారి సాక్షాత్తూ మేనేజరు గారు. “రావుగారూ, ఇవాళ ఎటు తీసుకెళ్తున్నారు?” అని వాళ్లు అడుగుతుంటే, ఆరు రోజులూ “బిళ్ల, బిళ్ల” అనిపించుకున్న మనిషికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. కార్తీకం నుంచి పుష్యం దాకా ముప్ఫై మంది ఆయన అడుగుల్లో అడుగులు వేసేవారు. ఆ ముందు చోటు కోసమే ఆయన మిగతా ఏడాదంతా ఓపిక పట్టేవాడు.

నిజం చెప్పాలంటే ఆయనకి ఈ నేల తెలియదు. తెలిసిందల్లా తన ఊరి కాలవ గట్టు. గట్టు పట్టుకుని నడిస్తే ఏదో ఒక ఊరు వచ్చి తీరుతుందన్నది కోనసీమలో పుట్టిన ఏ పిల్లాడికైనా నడక వచ్చినప్పుడే వచ్చే నమ్మకం. అక్కడ అది నూటికి నూరుపాళ్లు నిజం కూడాను. ఆ నమ్మకంతోనే, బళ్లబాటలూ రోడ్డూ దాటకుండా, మొదటి రెండు చలికాలాలూ బండి లాక్కొచ్చాడు.

మూడో చలికాలం ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం తగులుకుని నడక ఆగిపోయింది. గొడవలు చల్లబడ్డాక, అరవై తొమ్మిది కార్తీకంలో మళ్లీ మొదలైంది. మొదటి ఆదివారమే ఫౌండ్రీ ఫోర్‌మన్ వీర్రాజు తన షెడ్డులో కొత్తగా చేరిన హెల్పర్ని వెంటబెట్టుకొచ్చాడు.

“పోతిరెడ్డిపల్లి అవతల వీళ్లది. సంగయ్య. ఇక్కడి మనిషి ఒకడు తోడుంటే మంచిది కదండీ?” అన్నాడు.

సంగయ్య నమస్కారం పెట్టాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. నాలుగెకరాల మెట్ట మీద బతకలేక ఫ్యాక్టరీకి వచ్చినవాడు. భుజం మీద గొంగడి, కాళ్లకి కిర్రు చెప్పులు.

“నువ్వు ఆఖర్న నడు. ఎవరూ వెనకబడకుండా చూసుకో” అన్నాడు రావుగారు.

“సరె సార్” అని సంగయ్య తోక దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

అంతే జరిగింది. చెడ్డది ఏమీ జరగలేదు. కానీ మూడు వారాలయ్యేసరికి రావుగారికి ఒక వింత కనిపించింది. ఇదివరకు ఆయన వెనకే నడిచే ఇద్దరు ఇంజనీర్లు ఇప్పుడు మధ్యలో ఉన్నారు. మధ్యలో ఉండాల్సిన ఆడవాళ్లు వెనక ఉన్నారు. ఆఖరున, సంగయ్య చుట్టూ, పెళ్లివారి గుంపంత గుంపు. వాడు జొన్న కంకి కాల్చి నలిపి ఊదుతాడు, వీళ్లు దోసిళ్లు పడతారు. పొద చూపించి ఇది దెబ్బకి పసరు, అది పాముకి పుట్టిల్లు అంటాడు, వీళ్లు ఆశ్చర్యపోతారు. అనపకాయలు ఉడికించి ఉప్పు చల్లి తెస్తాడు. రావుగారు వెనక్కి తిరిగితే ఆయనకీ, తర్వాతి మనిషికీ మధ్య చిన్న ఊరు కట్టొచ్చు.

పైగా అస్తమానూ వెనక నుంచి కేకలు.

“సార్! ఎడమ దిక్కు రేగుపండ్లు మస్తుగున్నయ్!”

అంతే, గుంపంతా ఎడమకి తిరిగిపోయేది. రావుగారు కుడివైపు నాలుగడుగులు వేసి, ఒంటరిగా నిలబడి, చేసేది లేక తిరిగొచ్చి మళ్లీ అందరికంటే ముందుకి పరిగెత్తాల్సి వచ్చేది. ఇంకోసారి ఊట బుగ్గ. ఇంకోసారి నెమళ్లు. కావాలనే చేస్తున్నాడు వీడు, నా దారి చెడగొట్టడానికే చేస్తున్నాడు అని ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఆ రేగుపండ్లు ఆయన ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు. అందరూ తిని గింజలు ఉమ్ముతుంటే ఈల వేశాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి గానీ, కుళ్లు మొదట్లో చిన్నదే. సంగయ్య చెప్పుల చప్పుడు విసుగు. వాడి గొంగడి వాసన విసుగు. తర్వాత అది ఇంటికొచ్చింది. ఎలాగంటే, ఆయన భార్య హైమావతి ఎప్పుడూ ఆయనకి నాలుగడుగుల వెనక నడిచేది. పెళ్లయిన దగ్గర్నుంచీ అంతే. డెబ్బయ్యో సంవత్సరం కార్తీకంలో, నడక మళ్లీ మొదలైన రెండో ఆదివారం, ఆవిడ కూడా వెనక్కి వెళ్లింది. ఆ రోజు రావుగారు ముందు నడుస్తూ ఆవిడ నవ్వు విన్నాడు. అలాంటి నవ్వు ఆవిడ దగ్గర ఉందని ఆయనకి తెలియదు.

ఇంటికొచ్చాక అడిగాడు. “ఏంటంత నవ్వొచ్చింది?”

“సంగయ్య వాళ్ల ఎద్దు గురించి చెప్పాడండీ. అది సైరన్ వినపడితే చాలు పని ఆపేస్తుందిట, షిఫ్టు అయిపోయిందని.”

“బావుంది” అన్నాడాయన. రాత్రి అన్నం సయించలేదు. భార్య మీద అనుమానం కాదు, ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. ఆయన ఏడుపంతా వేరు. ఇరవై ఏళ్లలో తను నవ్వించలేని మనిషిని ఒక హెల్పరు, ఎద్దుతో నవ్వించాడు.

మర్నాడు సోమవారం. చార్టు రాసే రోజు. ఫౌండ్రీ కాగితం ముందు పెట్టుకుని రావుగారు చాలాసేపు కూర్చున్నాడు. సంగయ్య పేరు ఎదురుగా సెలవు, ఆదివారం అని ఉంది. ఆయన దాన్ని బుధవారం చేశాడు. ఒక్క వారానికి కాదు, మాఘం వచ్చేదాకా. వీర్రాజు ఏనాడూ చార్టు చదివి సంతకం పెట్టినవాడు కాదు. ఆ రోజూ చదవలేదు.

ఆదివారం గేటు దగ్గర సంగయ్య లేడు. “డ్యూటీ పడిందిట పాపం” అన్నారెవరో. “అయ్యో” అన్నాడు రావుగారు. ఆ అయ్యో అంటున్నప్పుడు గుండెల మీద నుంచి గ్రైండింగు రాయి దింపినంత హాయిగా ఉంది ఆయనకి. ఆనాడు ఆయన వేసిన ఈల పటాన్‌చెరు దాకా వినపడి ఉంటుంది.

ఆ హాయి మూడు వారాలే. ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, సంగయ్య ఎప్పుడొస్తాడని. అసలు వాడు ఈ కార్తీకంలో తన ఊరి చెరువు చూపిస్తానన్నాడు, ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలతాయిట, ఇంక చూసినట్టే అని మేనేజరు గారి భార్య నిట్టూర్చింది. రావుగారికి రోషం పొడుచుకొచ్చింది.

“వాడు లేకపోతే చెరువు లేచిపోతుందేంటండీ? వచ్చే ఆదివారం నేను తీసుకెళ్తాను” అన్నాడు.

అన్నట్టే మార్గశిరంలో ఒక ఆదివారం ముప్ఫై ఒక్క మందిని ఎర్ర బస్సెక్కించి పోతిరెడ్డిపల్లి దగ్గర దింపాడు. క్యాంటీన్ జీపు పులిహోర, దద్దోజనం గిన్నెలతో రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి సంగయ్య ఊరికి వెళ్తుంది. నడిచేవాళ్లు చెరువు చూసుకుంటూ పది గంటలకల్లా ఊళ్లో దిగి తింటారు. ఏర్పాటు లక్షణంగానే ఉంది.

చెరువు దాకా దారి ఎవరిని అడిగినా చెప్పారు. నిజంగానే చూడదగ్గ చెరువు. ఆ ఏడు వానలు దంచికొట్టాయి, నీళ్లు అంచుల దాకా ఉన్నాయి. బాతులు, కొంగలు, పేరు తెలియని ఎర్రముక్కు పిట్టలు. అక్కడ బాట రెండుగా చీలింది. ఒకటి పల్లానికి దిగి శనగచేలలోకి పోతోంది. రెండోది తిన్నగా, ఎత్తుగా, వెడల్పుగా చెరువు కట్ట.

రావుగారికి గట్టుని చూడగానే ప్రాణం లేచొచ్చింది. తన ఊరు కనిపించినట్టయింది.

“ఈ గట్టు పట్టుకుంటే తిన్నగా ఊళ్లోకే” అన్నాడు.

“సంగయ్య కింద బాట అని చెప్పినట్టు గుర్తండీ” అంది హైమావతి మెల్లిగా.

“నాకు తెలీదా?” అని ఆయన కసిరాడు. అందరి ముందూ భార్యని కసరడం అదే మొదటిసారి.

కట్ట మీద నడిచారు. అర మైలు, మైలు, మైలున్నర. ఎండ చురుక్కుమంటోంది. పిల్లలు ఆకలంటున్నారు. కట్ట ఒక మలుపు తిరిగి, చటుక్కున ఆగిపోయింది. ముందు మత్తడి. నిండిన చెరువు నీళ్లు రాళ్ల మీదుగా జారి కింద వాగులో పడుతున్నాయి. మోకాలి లోతు ప్రవాహం, రాళ్ల నిండా పాచి. ఆవల ఒడ్డున రాతిగుండ్లు తప్ప బాట లేదు. ఆ గుండ్ల మధ్య నుంచి దూరంగా ఊరు కనిపిస్తోంది, ఊరి మొదట్లో జీపు కనిపిస్తోంది, జీపు పక్కన క్యాంటీన్ కుర్రాళ్లు దించిపెట్టిన గిన్నెలు కూడా కనిపిస్తున్నాయి.

గట్టు వెళ్లి ఊళ్లో కలవకుండా నీళ్లలో కలవడం రావుగారు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“మళ్లీ మైలున్నర వెనక్కా?” అన్నాడు మేనేజరు గారు. ఆయన చెప్పు అప్పటికే తెగింది.

అప్పుడు కింద శనగచేలోంచి ఒక ఆడమనిషి చెయ్యి ఊపుతూ వచ్చింది. చీర గోచీ పోసి, చేతిలో కొడవలి.

“ఫ్యాక్టరీ సార్లేనా? గీడ్నే ఆగున్రి! పాచి మీద కాలు వెడితె పడ్తరు!” అని అరిచి, దగ్గరికొచ్చి ఆయాసం తీర్చుకుంది. “నేను సంగయ్య పెండ్లాన్ని. ముత్తెమ్మ. పొద్దట్నుంచి మీ కోసమే సూస్తున్న.”

“మా కోసమా? మేం ఇటొస్తామని నీకెలా తెలుసమ్మా?” అంది హైమావతి.

“మా ఆయన చెప్పి పోయిండమ్మా. రావు సారుకు కట్ట దొరికితె ఇడువడు, కట్ట పట్కొని మత్తడి కాడికే వస్తడు, నువ్వు చేన్ల ఉండి తోల్కపో అన్నడు.” ముత్యమ్మ నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో, అదే రావుగారి ఖర్మ. “మీ దిక్కు గట్లు ఊరికి పోతయంట గద. మా కట్ట నీళ్ల కోసం సార్, మనుషుల కోసం గాదు.”

రావుగారు ఏదో అనబోయాడు. ముత్యమ్మ ఆగలేదు. నెలలుగా విన్నది చెప్పుకునే మనుషులు దొరికారు మరి.

“పోయినేడు సంది గిట్లనేనట గద! సారు తప్పు తొవ్వ పట్టినప్పుడల్లా, మా ఆయన గా దిక్కు రేగుపండ్లున్నయ్, గీ దిక్కు బుగ్గ ఉన్నదని ఎనకకెళ్లి కేకేస్తడంట. తప్పు తొవ్వ అంటె పెద్దమనిషికి చిన్నతనమైతది, పండ్లున్నయంటె అందరు మంచిగ తిరుగుతరు అంటడు. ఇగ గీ యాడాది ఐతారం డ్యూటీ పడె. రావు సారుకు చెప్పుకోరాదా అంటె, సారు చేతిల ఉంటె ఎయ్యనిస్తుండెనా, ఆయన మంచోడే, పైనోళ్లు ఏసిన్రు అన్నడు.”

వీర్రాజు రావుగారి వైపు చూశాడు. చార్టు ఎవరు రాస్తారో వీర్రాజుకి తెలుసు. హైమావతికి తెలుసు. ఒకరొకరుగా అందరికీ తెలిసిపోవడం రావుగారు నిలబడి చూశాడు. తల కొట్టేసినట్టయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది, ఎదురు చెప్పుకోవచ్చు.

ముత్యమ్మ వాళ్లని మత్తడికి దిగువన, వాగు పలచబడి రాతి పరుపు తేలిన చోటికి తీసుకెళ్లింది. హైమావతి చెయ్యి తను పట్టుకుంది, హైమావతి ఇంకొకరిది, అలా ముప్ఫై ఒక్క మందీ గొలుసుగా దాటారు. రావుగారు ఆఖర్న పడ్డాడు. ఆయన చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ వెనక్కి తిరగలేదో, ఆయనే చాపలేదో తెలియదు. నడక మొదలయ్యాక ఆయన తోకన నడవడం అదే మొదలు. అక్కణ్ణుంచి అందరూ కనిపిస్తున్నారు. ఎవరి కాలు జారుతోందో, ఎవరికి ఆయాసమొస్తోందో, ఎవరు పిల్లని ఎత్తుకోలేక ఎత్తుకున్నారో అన్నీ కనిపిస్తున్నాయి. నాలుగేళ్లు ముందు నడిచి వీటిలో ఒక్కటీ చూడలేదు తను.

ఆ క్షణంలో ఆయన మనసు కరిగిందని, కన్నీళ్లు పెట్టుకున్నాడని చెబితే వినడానికి బావుంటుంది. అబద్ధమవుతుంది. ఆయనకి ఇంకా మండింది. దారి వాడిదే, నవ్వు వాడిదే, ఆఖరికి మంచితనం కూడా వాడి ఖాతాలోకే పోయింది. తనకి మిగిలింది ఏమిటి? ఈల.

ఇంటికొచ్చాక హైమావతి గొడవ పెట్టుకోలేదు. ఆయన మఫ్లరు మడతపెడుతూ, “రేపు సోమవారం కదండీ, చార్టు రాస్తారు కదా” అంది. అంతే.

రాశాడు. సంగయ్య సెలవు మళ్లీ ఆదివారానికి వచ్చింది. మంగళవారం పొద్దున వాడి నంబరు బిళ్ల చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. వరసలో సంగయ్య వంతు వచ్చింది. రావుగారు బిళ్ల ఇవ్వకుండా, కిటికీ దగ్గరికి వంగాడు.

“ఈ ఆదివారం నీకు సెలవు. నడకకి రా.”

“వద్దు సార్. డ్యూటీలనే ఉంటా.”

“అదేం?”

సంగయ్య కూడా వంగాడు. మొదటిసారి ఇద్దరి మొహాలూ ఆ కంతలో ఎదురుపడ్డాయి.

“డ్యూటీ పడ్డనాడే సమజైంది సార్. నేను ఎనకున్నా మీకు తక్లీఫే అయితుంది. నాకేంది, గా తొవ్వలు నా యింటి ముంగటనే ఉంటయ్, ఎప్పుడన్న నడుస్త. మీకు ఐతారం ఒక్కటే గద. మీరే ఉంచుకోన్రి.”

కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. ఆ జాలి రావుగారిని కుర్చీలోంచి లేపింది. షిఫ్టు వేళ టైమాఫీసు కిటికీ వదిలి లేవడం ఆ ఫ్యాక్టరీ పుట్టాక జరగని పని. ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చి, వరసలో ఉన్న యాభై మంది ముందూ, చేతిలో బిళ్లతో నిలబడ్డాడు.

“ఆ డ్యూటీ నేనే వేశానయ్యా. పైవాళ్లు కాదు. నిన్ను చూసి ఓర్చుకోలేక వేశాను. నాకు దారులు తెలీవు. నువ్వు రాకపోతే నడక లేదు.”

యాభై మంది చెవులు రిక్కించారు. సంగయ్య తల వంచుకుని కొంతసేపు గొంగడి సర్దుకున్నాడు.

“నడక బంద్ జేయకున్రి సార్. పోరగాండ్లు ఆశపడ్తరు. ముత్తెమ్మను తోలిస్త. ఆమెకు అన్ని తొవ్వలు ఎరుకే.” చెయ్యి చాపాడు. “బిళ్ల ఇయ్యున్రి, ఎనక లైనున్నది.”

రావుగారు ఇచ్చాడు.

ఆ ఆదివారం కొడవలి నడుముకి దోపుకుని ముత్యమ్మ ముందు నడిచింది. ఆవిడకి ఈల వేయడాలూ ఆగడాలూ లేవు, చకచకా పోతుంది. రావుగారు తోకన నడిచాడు, మేనేజరు గారి చిన్నపిల్లని ఎత్తుకుని. ఆ చలికాలమే కాదు, తర్వాతి చలికాలాలన్నీ అంతే. కరువు పడిన ఏడు చెరువుల్లో బురద తప్ప ఏమీ లేకపోయినా నడిచారు.

సంగయ్య ఆదివారం డ్యూటీ తనే అడిగి పర్మనెంటు చేయించుకున్నాడు. హెల్పరు నుంచి పోత అచ్చులు కట్టే మౌల్డరయ్యాడు. ఎదురైతే ఎప్పటిలాగే నమస్కారం పెడతాడు, ఎప్పటిలాగే నవ్వుతాడు. కార్తీకం వచ్చిందంటే చాలు, ప్రతి శనివారం సాయంత్రం బిళ్ల తిరిగి పుచ్చుకునేటప్పుడు రావుగారు కిటికీ కంత దగ్గరికి మొహం వంచేవాడు.

“రేపు రావూ?”

“సూస్త సార్” అనేవాడు సంగయ్య.

రావుగారు రిటైరైన డెబ్బై తొమ్మిది దాకా ఎనిమిది చలికాలాలు అలా అడిగాడు. సంగయ్య ఒక్కసారీ రానని అనలేదు. ఒక్కసారీ రాలేదు.